మిగిలిన గుడ్డ

ఎదురు మేడావిడ చెప్పిందని ఇస్త్రీ ఆవిడా, ఇస్త్రీ ఆవిడ చెప్పిందని అత్తగారూ మోసుకొచ్చిన కబురు ఏమిటంటే, కుట్టుబడిలో కొత్తగా చేరిన టీచరు పని చెయ్యడం మానేసిందట. కిటికీ పక్కన ఎత్తుపీట వేసుకుని, రెండు చేతులా టీ గ్లాసు పట్టుకుని, మహారాణిలా కూర్చుంటుందట. ఎదురుగా ఆడవాళ్లందరూ బ్లేళ్లు పుచ్చుకుని, శుభ్రంగా కుట్టి ఉన్న బట్టల కుట్లు విప్పి ముక్కలు ముక్కలుగా పోగులు పెడుతుంటారట. కుట్టు నేర్చుకుందామని వెళితే విప్పడం నేర్పుతోందని, ఇంకొన్నాళ్లు పోతే చింపడం కూడా నేర్పుతుందని, కుట్టుబడి కిటికీలకి ఎదురుగా ఉన్న తన బాల్కనీలో బట్టలారేస్తూ ఎదురు మేడావిడ కళ్లారా చూసిందట. ఆవిడ చూడనిది ఆ వీధిలో జరగదు. జరిగినా దాన్ని జరిగినట్టు ఎవరూ జమ వేసుకోరు.

అత్తగారు ఈ వార్తంతా భోజనాల దగ్గర విడమరిచి చెప్పి, చిన్నకోడలి మొహంలోకి చూసింది. ఆ కొత్త టీచరు మరెవరో కాదు, ఎదురుగా తల వంచుకుని తింటున్న ఆ చిన్నకోడలే.

“నిజమేనా ఇదంతా?”

“టీ సంగతి నిజమే అత్తయ్యా. తాగను మాత్రం. ఊరికే పట్టుకుంటాను.”

“తాగని టీ పట్టుకోవడమెందుకే?”

“చేతులు ఊరుకోవాలిగా మరి.”

అత్తగారు ఆ మాటని కాసేపు నమిలింది. మింగుడు పడలేదు. కొడుకు వంక చూసింది. అతగాడు కంచంలోంచి తల ఎత్తకుండా నవ్వుకుంటున్నాడు. ఈ ఇంట్లో తనకి తెలియకుండా ఏదో నడుస్తోందని సణుక్కుని, ఆ పూటకి ఆవిడ ఊరుకుంది. చిన్నకోడలు మాత్రం కంచంలో అన్నం అటూ ఇటూ నెడుతూ కూర్చుంది. ఎదురు మేడావిడ నోట్లో పడ్డ సంగతి పెద్ద మేడమ్ చెవిలో పడకుండా ఉండదు. కుట్టుబడి పెద్ద మేడమ్‌ది. నెలాఖరున వచ్చి క్లాసులో కూర్చుని చూస్తానని ముందే చెప్పి ఉంది. చూసి నచ్చితే చిన్నకోడలు టీచరుగా ఉంటుంది. నచ్చకపోతే మళ్లీ బావగారి కొట్టు, వెనకగది, కాజాలు.

బావగారిది కుట్టుపని కొట్టు. మనిషి చెడ్డవాడేం కాదు. ఎవరికి ఏ పని ఒకసారి అప్పజెప్పాడో దాన్ని మార్చడం ఆయనకి చేతకాదు, అంతే. కాపరానికి వచ్చిన కొత్తలో చిన్నకోడలికి బొత్తాలకి కాజాలు కుట్టే పని ఇచ్చాడు. చూసి చూసి, అడిగి అడిగి, ఆమె కోటు మొత్తం ఒంటిచేత్తో కుట్టగలిగేదాకా వచ్చింది. అయినా కాజాలే ఇచ్చాడు. వెనకగదికి కిటికీ లేదు. బొత్తాం దూరేంత కన్నానికి అంచు కట్టడం, తలెత్తితే గోడ, మళ్లీ ఇంకో కన్నం. కుట్టుబడిలో టీచరు కావాలని విన్నప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్లి అడిగేసింది. ఆమె బతుకులో చేసిన సాహసమంటూ ఉంటే అదొక్కటే. తీరా చేరాక తెలిసింది, తనకి కుట్టడం కంటే ఎదుటి మనిషి మొహంలో ‘ఓహో’ అని వెలగడం చూడటమే ఎక్కువ ఇష్టమని. ఆ వెలుగు రుచి మరిగినవాళ్లు గోడ ముందు కూర్చోలేరు.

కుట్టుబడి ఇస్త్రీ దుకాణం పైన, ఒక పొడుగాటి గది. వీధివైపు కిటికీలు, వాటి వెంట మిషన్లు, గోడకి నల్లబోర్డు, మూల తాళం వేసిన అల్మారా. అల్మారా నెత్తిన దారపు రీళ్ల బుట్ట. ఆ గదిని తలుపు తెర కుట్టే స్థాయి నుంచి ఇంతదాకా తెచ్చింది పెద్ద మేడమే. తెరలు, దుప్పట్లు, దిండు గలీబులు, అంటే తిన్నగా పోయే కుట్టు ఏదైనా సరే, ఆవిడ కుట్టిస్తే గీత గీసినట్టుండేది. చలి ఉన్నా లేకపోయినా బూడిదరంగు కోటు ఒకటి ఒంటి మీద ఉండాల్సిందే. దాని ఇస్త్రీ నలగగా చూసినవాళ్లు లేరు. కొలతల పాఠం ఆవిడే చెప్పేది. బోర్డు మీద కింది సగంలోనే అంకెలన్నీ చీమల బారులా కిక్కిరిసేలా రాసేది. పై సగం కడిగినట్టు ఉండేది. వెనక కూర్చున్నవాళ్లకి ముందువాళ్ల కొప్పులు తప్ప కొలతలు కనపడేవి కావు. ఎవరి అలవాటు వాళ్లది అనుకుంది చిన్నకోడలు మొదటి రోజున.

చిన్నకోడలికి అప్పజెప్పిన ఆడవాళ్లకి మొండి బ్యాచి అని పేరు. అంతకుముందు చెప్పిన టీచర్లు దండం పెట్టి వెళ్లిపోయారు. వాళ్లందరూ తిన్నగా పోయే కుట్టు బాగానే కుడతారు. కోటుకి చెయ్యి అతికించేటప్పటికి బోల్తా. అందులో అందరికంటే పెద్దావిడని అమ్మమ్మ అనేవాళ్లు. మనవలకి బట్టలు తనే కుట్టాలని పంతం పట్టి చేరింది. గబగబ అని ఒక అమ్మాయి, దేన్నయినా చివరి నుంచి మొదలుపెట్టాలన్నంత తొందర. ఇంకొకావిడ బస్సు డ్రైవరు భార్య. ఏం అడిగినా “ఊఁ” అని ఊరుకుంటుంది. అర్థమైనా ఊఁ, కాకపోయినా ఊఁ. ఆవిడ ఊఁ అక్క.

చిన్నకోడలు చేరిన కొత్తలో ఆమె చేతులు క్షణం ఖాళీగా ఉండేవి కావు. కోటు చెయ్యి ఎలా అతకాలో తను కుట్టి చూపించేది. చూశారుగా అనేది. చూశామనేవాళ్లు. తీరా వాళ్లు మొదలుపెట్టాక కుట్టు పక్కకి పోవడం చూస్తే ఆమె ప్రాణం ఒప్పేది కాదు. “ఇటివ్వండి” అని గుడ్డ లాక్కునేది. రెండు దులుపులు, ఒక సర్దు, మిషను గడగడా తిరిగి చెయ్యి చక్కగా కూర్చునేది. గబగబకి అలాగే, అమ్మమ్మకి అలాగే, అందరికీ అలాగే. సాయంత్రానికి కొక్కేలకి వేళ్లాడే కోట్లన్నీ పెళ్లివారి బట్టల్లా ఉండేవి. పెద్ద మేడమ్ వచ్చి చూసి, మొండి బ్యాచి మెత్తబడిందే అని మెచ్చుకునేది. ఆ మెప్పుకి చిన్నకోడలు పొంగిపోయింది కూడా.

తర్వాత ఆమెకి జ్వరం వచ్చి క్లాసుకి వెళ్లలేదు. తగ్గాక వెళ్లేసరికి కొక్కేలకి ఉన్న కోట్లని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. చెవి మెలేసి పట్టుకున్నట్టు ప్రతి కోటు చెయ్యీ మెలితిరిగి ఉంది. నేల మీద నెలవంకల్లాంటి గుడ్డముక్కలు. అమ్మమ్మ ఎదురొచ్చి, నువ్వు లేవని మేం పని ఆపలేదు తల్లీ అని గర్వంగా చెప్పింది. చెయ్యి అతుకుతూ చుట్టూ తిరిగి చంక కిందికి వచ్చేసరికి ప్రతిసారీ కాస్త గుడ్డ మిగిలిపోయిందట. మిగిలిందాన్ని అందరూ నీటుగా కత్తిరించేశారట.

దాంతో చిన్నకోడలికి విషయం తెలిసొచ్చింది. చెయ్యి పైభాగం చంక కన్నం కంటే కాస్త పెద్దదిగానే కత్తిరిస్తారు. ఆ ఎక్కువని భుజం మీద కనపడకుండా సర్దాలి. అదే కిటుకంతా. ఆ సర్దడమేదో ఇన్నాళ్లూ తన వేళ్లే చేసేశాయి. నోరు ఒక్కసారీ చెప్పలేదు. కళ్లున్నవాళ్లు మిగిలిందాన్ని చూసి తప్పు అనుకోక ఏమనుకుంటారు? కత్తెర చేతిలో ఉన్న మనిషికి మిగులు కనపడితే కత్తిరించకుండా ఉండబుద్ధవుతుందా?

అప్పటికే పెద్ద మేడమ్ వచ్చి వెనక నిలబడి ఉంది. మెలితిరిగిన చేతుల్ని చూసింది, టీచర్ని చూసింది.

“ఇన్నాళ్లూ నేను మెచ్చుకున్నవి ఎవరు కుట్టినవమ్మా?”

చిన్నకోడలు వంగి నేల మీది గుడ్డముక్కలు ఏరడం మొదలుపెట్టింది. మిగిలిందాన్ని సరిగ్గా కత్తిరించడం కూడా నేర్పలేదా అని పెద్ద మేడమ్ కోప్పడింది. నెలాఖరున తను వచ్చి కూర్చుంటానని, వాళ్లు కోటు చేతులు అతకాలని, టీచరు గుడ్డని ముట్టుకోవడానికి వీల్లేదని, ఆ తర్వాతే ఉండటమా పోవడమా తేలుస్తానని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో చిన్నకోడలు పొయ్యి దగ్గర నిలబడిందే గానీ మనసు అక్కడ లేదు. ముందుగదిలో ఆమె మొగుడు తల్లికి ఫోన్లో ఫొటోలు పంపడం నేర్పుతున్నాడు. ఆ చదువు చాలా రోజులుగా సాగుతోంది. అత్తగారు వేలితో ఎక్కడో నొక్కుతుంది. అతను “అబ్బ, అది కాదమ్మా, ఇటివ్వు” అని లాక్కుని టకటకా నొక్కి, చూశావుగా, ఇంతే అని తిరిగి ఇస్తాడు. ఆవిడ మళ్లీ నొక్కుతుంది. మళ్లీ ఇటివ్వు. చివరికి అత్తగారికి ఒళ్లు మండింది.

“ఒరే, ఈ ఫోను నేర్చుకుంటున్నది నేనా నువ్వా?”

చిన్నకోడలు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ‘ఇటివ్వు’ అన్న ఆ మాట ఎవరి నోట్లోదో ఆమెకి బాగా తెలుసు. మొగుడి చేతుల వంక చూసింది. కొడుకుగా అతనికి తల్లి మీద ఉన్నది ప్రేమే, అందులో సందేహం లేదు. ఆ ప్రేమే అడ్డం వస్తోంది. పొయ్యి మీంచి దింపిన టీని గ్లాసులో పోసి తెచ్చి, “కాలుతోంది, రెండు చేతులా పట్టుకోండి” అని అతని చేతిలో పెట్టింది. అతను పట్టుకున్నాడు. అత్తగారు నొక్కింది. తప్పు. అతని చేతులు లేచాయి గానీ గ్లాసు వదలలేవు. “అమ్మా, నువ్వు పంపాలనుకున్న ఫొటో ఏది?” అని నోటితో అడగాల్సి వచ్చింది. ఆవిడ వెతికింది, తప్పు నొక్కింది, వెనక్కి వచ్చింది, మళ్లీ వెతికింది. అతను పళ్లు బిగించి, గ్లాసు బిగించి, ఉగ్గబట్టుకుని కూర్చున్నాడు. టీ చల్లారేలోపు ఆవిడ ఫొటో పంపింది, అదీ ఎదురు మేడావిడకే. ఇక ఆ రాత్రంతా వియ్యపురాలి మీద గెలిచినదానిలా తిరిగింది.

మర్నాడు చిన్నకోడలు కుట్టుబడికి వెళుతూ కింద ఇస్త్రీ ఆవిడ దగ్గర ఆగింది. ఎవరూ వచ్చి తీసుకెళ్లని పాత కోట్లు ఆవిడ దగ్గర మూట కట్టి ఉన్నాయి. అవి అడిగి తీసుకుంది. ఒక గ్లాసుడు టీ కూడా అడిగింది. పైకి వెళ్లి మనిషికో కోటు పంచిపెట్టి, ఈ రోజు కుట్టడం లేదు, విప్పడమే అంది. గబగబ గుండె రాయి చేసుకుని బ్లేడు అందుకుంది. అమ్మమ్మ మాత్రం బాగున్న కోటు పాడుచెయ్యడానికి మనసొప్పక కాసేపు గొణిగింది. చేతులు మొత్తం ఊడదీసి, కుట్లలోంచి దారప్పోగులు ఏరి, గుడ్డని అరచేత్తో చదును చేసి బల్ల మీద పరిచాక, తలలన్నీ బల్ల మీదికి వంగాయి.

అన్నాళ్లుగా చేతులు అతుకుతున్నారు గానీ, అసలు చెయ్యి ఊడదీస్తే ఏ ఆకారంలో ఉంటుందో వాళ్లలో ఎవరూ చూడలేదు. వాళ్ల దగ్గరికి వచ్చేసరికే కత్తిరించి గొట్టంలా కుట్టి ఉంటుంది కాబట్టి చదును చేస్తే నాలుగు పలకలుగా ఉంటుందనుకున్నారు. తీరా అది చూస్తే పైన గుట్టలా లేచి ఉంది.

“ఇదేంటమ్మా, కొండలాగుంది” అంది అమ్మమ్మ.

ఎందుకుందో చెప్పడానికి చిన్నకోడలు నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని, గ్లాసు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కొండ చుట్టూ టేపు పెట్టి కొలవమంది. తర్వాత కోటు భుజం దగ్గర చంక కన్నం చుట్టూ కొలవమంది. కొలిచారు. కొండే పెద్దది. గబగబ తప్పు కొలిచిందని అమ్మమ్మ, అమ్మమ్మకి కళ్లు కనపడవని గబగబ. ఇంకో కోటు కొలిచారు, ఇంకోటి కొలిచారు. ఎవరి కోటు చూసినా కొండ పెద్దదే, కన్నం చిన్నదే. అన్ని కోట్లు కుట్టినవాళ్లూ ఒకే తప్పు చేశారా అని చిన్నకోడలు అడిగింది. లేదు, వాళ్లు కావాలనే చేశారని గబగబ ఒప్పుకుంది. కావాలని ఎందుకు చేస్తారని అడిగితే అందరూ మళ్లీ టేపు అందుకున్నారు. ఊఁ అక్క మాత్రం “ఊఁ” అంది. ఆ ఊఁ కాస్త పొడుగ్గా ఉండటం చిన్నకోడలు గమనించింది.

మర్నాడు జవాబు చెప్పకుండా, తను జ్వరంతో ఉన్నప్పుడు వాళ్లు కుట్టిన మెలితిరిగిన కోట్లని వాళ్లచేతే వేయించింది. అల్మారా నెత్తిన ఉన్న బుట్టలోంచి తలా ఒక దారపు రీలు తెచ్చుకోమంది. గబగబ మొదట వెళ్లింది. చెయ్యి ఎత్తితే కోటు మొత్తం లేచి ఆమె చెవుల దాకా వచ్చింది, మనిషి కోట్లో మునిగిపోయింది. రీలు మాత్రం అందలేదు. అమ్మమ్మ నాజూగ్గా ప్రయత్నిస్తే, చంక దగ్గర పర్రుమని చప్పుడైంది. గది గదంతా పడి పడి నవ్వింది, అందరికంటే ఎక్కువ అమ్మమ్మే. ఆ నవ్వు తగ్గాక, ఊఁ అక్క తన కోటు తీసేసి, అమ్మమ్మ విడిచిన కోటులో చిరిగిన చంకనీ, బల్ల మీద పరిచిన పాత కొండనీ పక్కపక్కన పెట్టి చూసింది. వేలితో కొండ అంచు నిమిరింది.

“చెయ్యి లేవడానికి చోటు ఇది. మనం ఆ చోటునే కోసేశాం” అంది.

క్లాసులో ఆవిడ అంత పొడుగు మాట్లాడటం అదే మొదలు. చిన్నకోడలు ఆ మొహంలో ‘ఓహో’ అని వెలగడం చూసింది. తను రోజంతా ఉపన్యాసం ఇచ్చినా ఆ ముక్క అలా వచ్చేది కాదు. ఆ ముక్క వాళ్ల మధ్య వాళ్లకే పుట్టింది కాబట్టి, ఇక ఎవరూ దాన్ని మర్చిపోరు.

అక్కడి నుంచి దారి తేలికైంది. చోటు కావాలని తెలిశాక, దాన్ని భుజం మీద కనపడకుండా ఎలా సర్దాలన్న ఆత్రం వాళ్లకే పుట్టింది. పాత కోట్లు విప్పినప్పుడు భుజం దగ్గర వదులుగా వేసిన పెద్ద పెద్ద కుట్ల జాడలు కనపడ్డాయని గబగబ గుర్తుచేసింది. అలాంటి కుట్లే వేసి ఆ దారం మెల్లగా లాగితే కొండ దానంతటదే గిన్నెలా లోపలికి వంగుతుందని లాగి చూసి తెలుసుకున్నారు. చంక కింద నుంచి కాదు, భుజం నడిమధ్య గుండుసూది గుచ్చి అక్కడి నుంచి అటూ ఇటూ రావాలని అమ్మమ్మ తేల్చింది. ఎవరికి ఏది తెలిస్తే అది పక్కవాళ్లకి నోటితో చెప్పి, పక్కవాళ్లు తిరిగి అప్పజెప్పాకే మిషను తొక్కాలని చిన్నకోడలు నియమం పెట్టింది. అమ్మమ్మకి చెప్పడం గబగబ వంతు. అమ్మమ్మకి ఒక్కసారి చెబితే ఎక్కదు. నిదానంగా, మాట మార్చి, ఉపమానం మార్చి చెప్పాలి. అలా చెబుతూ చెబుతూ గబగబ తొందర సగం తగ్గిపోయింది.

చిన్నకోడలికి మాత్రం అది కత్తి మీద సాము. కుట్టు పక్కకి పోతుంటే చూస్తూ కూర్చోవడం కంటే సుఖమైన పని కాజాలు కుట్టడం. ఒకరోజు తట్టుకోలేక గ్లాసు కిటికీలో పెట్టి అమ్మమ్మ గుడ్డ మీద చెయ్యి వేసింది. అమ్మమ్మ ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

“నీ టీ చల్లారిపోతోంది, పోయి పట్టుకో తల్లీ.”

ఇలా అంతా సవ్యంగా సాగుతున్నప్పుడే బాల్కనీలోంచి ఎదురు మేడావిడ కళ్లు పడ్డాయి. బ్లేళ్లూ, ఊడిన చేతులూ, టీ గ్లాసూ చూసి అల్లాల్సింది అల్లేసింది. ఆ కబురు అత్తగారి దగ్గర ఆగితే బాగుండేది. ఆగలేదు.

నెలాఖరున పెద్ద మేడమ్ వచ్చింది. బూడిదరంగు కోటు, నలగని ఇస్త్రీ. కుర్చీ వేయించుకుని కూర్చుని, టీచరు చేతిలో గ్లాసు వంక చూసి, వీధంతా చెప్పుకుంటున్నది నిజమేనన్నమాట అంది. చిన్నకోడలు గ్లాసు కింద పెట్టబోయింది. ఊఁ అక్క తల అడ్డంగా ఊపింది. పెట్టలేదు.

కోట్లు మొదలయ్యాయి. ఎదురు బాల్కనీలో ఆరిపోయిన బట్టల్ని ఎదురు మేడావిడ మళ్లీ ఆరేస్తోంది. గబగబ చెయ్యి అతికి పక్కన పెట్టింది, ఎక్కడా ముడత లేదు. పెద్ద మేడమ్ తిప్పి తిప్పి చూసింది. ఊఁ అక్కది కూడా అయింది. అమ్మమ్మ దగ్గరే చిక్కు వచ్చింది. భుజం వెనకవైపు గుడ్డ కుచ్చులు కుచ్చులుగా ముద్దకట్టింది. చిన్నకోడలికి అరచేతులు దురద పెట్టాయి. దారం వెనకవైపు ఎక్కువ లాగింది, అంతే, కొంచెం ముందుకి సర్దితే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గ్లాసులో చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేసి, మాటని కూడా దాంతోపాటు మింగేసింది. పెద్ద మేడమ్ చేతిగడియారం చూసుకుంది. ఈ వయసులో ఇంతకంటే ఏం వస్తుందిలెమ్మని కుర్చీ వెనక్కి నెట్టింది.

అమ్మమ్మ కుట్టు ఆపింది. కళ్లద్దాలు తుడుచుకుంది. బ్లేడు తీసుకుని, తను కుట్టినదంతా తనే విప్పేసింది. గుడ్డని అరచేత్తో చదును చేసి, తనలో తను గబగబ నేర్పిన మాటలతోనే పాఠం అప్పజెప్పుకుంటూ, నడిమధ్య గుండుసూది గుచ్చి, దారం ఈసారి అటు కాస్త ఇటు కాస్త లాగింది. మిషను నిదానంగా తిరిగింది. అయ్యాక లేచి ఆ కోటు తనే తొడుక్కుని, అల్మారా దగ్గరికి వెళ్లి చెయ్యి చాచింది. కోటు కదలలేదు. బుట్టలోంచి రీలు వచ్చింది. ఆవిడ దాన్ని తెచ్చి పెద్ద మేడమ్ ఒళ్లో పెట్టి, ఇంకేమైనా కావాలా అన్నట్టు నిలబడింది.

పెద్ద మేడమ్ రీలు వంక, అమ్మమ్మ వంక, చివరికి కిటికీ దగ్గర ఖాళీ గ్లాసు పట్టుకున్న మనిషి వంక చూసింది. నడుముకి ఉన్న గుత్తిలోంచి అల్మారా తాళంచెవి విడదీసి చిన్నకోడలి చేతిలో పెట్టింది. అది ఉండిపోయే టీచర్లకే ఇస్తుందని అందరికీ తెలుసు. వచ్చే బ్యాచి కూడా నువ్వే చూసుకో, టీ ఖర్చు కుట్టుబడిదే అంది. గబగబ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. చిన్నకోడలు తాళంచెవిని గ్లాసులో వేసి, గ్లాసుని గుండెకి ఆనించుకుంది. ఆ చేతులకి ఆ క్షణంలో చెయ్యాల్సిన పని ఏదీ లేదు, అయినా వాటికి ఏ తొందరా లేదు.

పెద్ద మేడమ్‌కి కూడా మనసు తేలికైనట్టుంది. లేవకుండా కబుర్లలో పడింది. ఊఁ అక్క కుట్టిన కోటు తీసి, భుజం మీది మెత్తటి గుండ్రాన్ని వేలితో నొక్కి, ఇంత శ్రమ దేనికి, మిగిలిందాన్ని కత్తిరిస్తే చిటికెలో అయిపోయేదిగా అని అడిగింది. తను ఇదే గదిలో కుట్టు నేర్చుకున్నప్పుడు అందరం అలాగే చేసేవాళ్లమని చెప్పింది. ఒంటి మీది బూడిదరంగు కోటు చేతిని ప్రేమగా నిమురుకుని, “ఇదిగో, నేను స్వయంగా కుట్టుకున్నది. ఇన్నేళ్లుగా తొడుక్కుంటున్నాను, దీనికేమైంది?” అంది.

ఊఁ అక్క ఆ కోటు చంకనీ, గోడకి ఉన్న బోర్డునీ మార్చి మార్చి చూసింది.

“అందుకే కాబోలు మేడమ్, మీరు బోర్డు పై సగంలో ఎప్పుడూ రాయరు.”